టెరాఫ్లాప్స్ పెద్దమనిషి

నల్లగొండ గడియారం సెంటర్‌లో చాయ్ గ్లాసు చేతికొస్తే చాలు, గేమింగ్ జ్ఞానం దానంతట అదే పొంగుతుంది. టీవీకి తగిలించీ, చేతిలో పట్టుకునీ ఆడుకునే గేమ్ మిషన్ నింటెండో స్విచ్ పేరెత్తితే అక్కడి పెద్దమనిషి తీర్పు తయారు: "గదొక పిల్లల బొమ్మ. టెరాఫ్లాప్స్ యాడున్నయే దాంట్ల?" టెరాఫ్లాప్స్ అంటే చిప్పు లెక్కలు చేసే వేగానికి కొలత. 2017 మార్చిలో వచ్చి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఆ బొమ్మ, ఈ మాట విన్నంక తలెత్తుకోలేకపోతున్నదట.

నిజమే, లోపలి టెగ్రా ఎక్స్1 చిప్పు విడుదల నాటికే పాతది. బొమ్మ స్పష్టత టీవీ మీద 1080పీ దాటదు, చేతిలో 720పీ. ఇక పెద్దమనిషి ఇంటికి పోదాం. టీవీ లేకుంటే ఆడని నాలుగున్నర కిలోల గేమ్ పెట్టె ప్లేస్టేషన్ 5, ఇంటిల్లిపాదికీ ఒకటే టీవీ. రాత్రి ఏడున్నర. అమ్మ సీరియల్ పెట్టింది. కోడలు మెట్ల మీంచి జారుతున్నది. మూడు ఎపిసోడ్ల నుంచి జారుతనే ఉన్నది. "జరసేపాగు బిడ్డా" అన్నది అమ్మ. టెరాఫ్లాప్స్ అన్నీ టీవీ కింద చేతులు కట్టుకుని నిలబడ్డాయి. కోడలు నేలకు తగిలేలోపు కరెంటు పోయింది.

స్విచ్ ఉన్నోడు టీవీకి కలిపే డాక్ అనే స్టాండులోంచి దాన్ని పైకి లాగుతాడు. ఆపిన చోటి నుంచే ఆట 6.2 అంగుళాల తెర మీద నడుస్తుంది. పక్కలకున్న జాయ్‌కాన్లు, అంటే చిన్న కంట్రోలర్లు, ఊడదీస్తే తమ్ముడికొకటి. మొదటి మోడల్ బ్యాటరీ జెల్డా అనే ఆటకు మూడు గంటలొస్తుంది, అంటే హైదరాబాద్ బస్సుకు సరిపోతుంది. అంతకుముందు వచ్చిన నింటెండో మిషన్ వీ యూ (Wii U) పలక కూడా చేతిలోదే, కానీ పెట్టెను విడిచి దూరం పోలేదు. అమ్మకాల్లో వీ యూ కోటీ ముప్పై అయిదు లక్షల దగ్గర చతికిలబడింది. దాని కార్ల రేసు ఆట మారియో కార్ట్ 8నే మళ్లీ స్విచ్ మీద పెడితే ఆరు కోట్లు దాటింది.

తిట్టాలంటే జాయ్‌కాన్ మీద బొటనవేలితో తిప్పే స్టిక్కును తిట్టు పెద్దమనిషీ! లోపల కార్బన్ పూత మీద లోహపు ముల్లు రాసుకుని రాసుకుని పూత అరుగుతుంది. అప్పుడు స్టిక్ ముట్టకున్నా ఆటలోని బొమ్మ దానంతట అదే కొండ అంచుకు నడిచి దూకుతుంది. దీనికి 2020లో కంపెనీ అధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. 2025 స్విచ్ 2లో కూడా, రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ పెట్టలేదు. సిగ్గులేదా? ఈ దేశంలో అధికారికంగా అమ్మిందే లేదు, వారంటీ ఎవర్నడగాలి? సెట్టింగ్స్‌లో కాలిబ్రేషన్ (స్టిక్ నడిమిని మళ్లీ సరిచేయడం), లోపల కొట్టే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొన్నాళ్లే. ఆఖరికి స్టిక్ మార్చాల్సిందే. జాయ్‌కాన్ వెనక నాలుగు స్క్రూలకు మూడు రెక్కల గాడి. ఫోన్ రిపేర్ పిల్లగాడు మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పుతాడు, గాడి నున్నగైతది. ఎట్లనో విప్పినా, స్టిక్ రిబ్బన్‌ను పట్టుకున్న ఆ గోరంత నల్ల రేకును పైకెత్తకుండా గుంజితే, జాయ్‌కాన్ పని ఖతం.