ఆసుపత్రి నుంచి బరి దాకా

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని గోదావరి జిల్లాల్లో అందరూ మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరది. సుబేదారు, కెప్టెన్ వంటి హోదాలు అక్కడ మనుషుల పేర్లలో కలిసిపోయాయి. వరిచేలు, కొబ్బరితోటల నడుమ పుట్టి మంచుకొండల్లో కాపలా కాసినవారు డెల్టాలో ఇంకా ఎన్నో ఊళ్లలో ఉన్నారు. వారిలో ఒకరు కాలో చెయ్యో పోగొట్టుకుని తిరిగి వస్తే మనం ఏం చేస్తున్నాం? రైల్వేస్టేషన్‌లో పూలదండ, మండల కేంద్రంలో శాలువా, కూడలిలో ఫ్లెక్సీ. వానాకాలం వచ్చేసరికి ఆ ఫ్లెక్సీ ఏ పశువుల పాకకో కప్పుగా మారుతుంది. జవాను మాత్రం అరుగు మీదే మిగిలిపోతాడు. అతణ్ని ఆటల బరిలోకి తేవచ్చన్న ఆలోచనే మనకు రాదు.

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం కూడా చదునైన సాగునేలే. అక్కడి రైతు కుటుంబంలో పెరిగిన డాన్ క్నోసెన్ నౌకాదళంలో చేరి సీల్ కమాండోల అధికారి అయ్యారు. 2009 సెప్టెంబరులో అఫ్గానిస్థాన్‌లో నేలలో పాతిన బాంబు పేలి రెండు కాళ్లూ మోకాళ్ల పైవరకు పోయాయి. ఐదేళ్లు నిండకముందే, 2014లో, రష్యాలోని సోచిలో జరిగిన శీతాకాల పారాలింపిక్స్‌లో (దివ్యాంగుల ఒలింపిక్స్), మంచు మీద స్కీయింగ్‌నూ తుపాకీ గురినీ కలిపిన బయాథ్లాన్ బరిలో ఆయన ఉన్నారు. అప్పుడు పతకం రాలేదు. 2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో పోటీపడిన ఆరు విభాగాల్లోనూ పతకాలు గెలిచారు. వాటిలో 7.5 కిలోమీటర్ల బయాథ్లాన్ స్వర్ణం ఒకటి. ఒలింపిక్స్‌లో గానీ, పారాలింపిక్స్‌లో గానీ అమెరికా పురుషులెవరికీ అంతకుముందు ఆ ఆటలో స్వర్ణం దక్కలేదు.

బయాథ్లాన్ సైనికుల గస్తీలోంచి పుట్టిన ఆట. 1924లో ఫ్రాన్స్‌లోని షామొనీలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో సైనిక గస్తీ పేరుతో పోటీ జరిగింది. 1960లో బయాథ్లాన్‌గా ఒలింపిక్స్‌లో చేరింది. మంచు మీద పొడవాటి పలకల్లాంటి స్కీలతో సాగిపోతూ, మధ్యలో ఆగి తుపాకీతో గురి కొట్టాలి. కాళ్లు లేనివారు స్కీల మీద బిగించిన చిన్న కుర్చీలో కూర్చుని, రెండు చేతులా కర్రలతో మంచును వెనక్కి నెడుతూ ముందుకు వెళతారు. కాలువలో ధాన్యం పడవకు గెడ వేసేవారిని చూసిన పెద్దలకు ఆ శ్రమ ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. భుజం, ఛాతీ, నడుము కలిసి తోస్తేనే బండి కదులుతుంది. అలా కిలోమీటర్ల కొద్దీ తోసి, గుండె దడదడలాడుతుండగా ఊపిరి బిగబట్టి, 10 మీటర్ల దూరంలోని చిటికెన వేలి గోరంత గురిని ఐదుసార్లు కొట్టాలి. తప్పిన ప్రతి గుండుకూ శిక్ష ఉంటుంది. చూపు లేనివారు ఇదే ఆటలో చెవితో గురి చూస్తారు. తుపాకీ మొన గురికి దగ్గరయ్యేకొద్దీ హెడ్‌ఫోన్‌లో శబ్దం మారుతుంది. ఈ ఏర్పాటు చేసిన బుద్ధికి మేం చేతులు జోడిస్తున్నాం.

మన దేశంలో ఇలాంటి పట్టుదలకు కొదవ లేదు. నాగాలాండ్‌కు చెందిన జవాను హొకాటో హొటొజె సెమా 2002లో కశ్మీర్‌లో మందుపాతర పేలి కాలు కోల్పోయారు. షాట్‌పుట్ ఇనుప గుండు ఆయన చేతికి వచ్చింది 2016లో. 2024లో, 40 ఏళ్ల వయసులో, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. క్నోసెన్ ఐదేళ్లలోపే అంతర్జాతీయ బరికి చేరితే, సెమాకు ఆట పరిచయం కావడానికే 14 ఏళ్లు పట్టింది. ఆ 14 ఏళ్లు ఆయన పాతికేళ్ల వయసూ, ముప్పై ఏళ్ల వయసూను. ఏ పతకమూ వాటిని తిరిగి ఇవ్వదు. మా బాధంతా ఆ ఏళ్ల గురించే.

డెల్టాలో మంచు లేదు, నిజమే. నీళ్లున్నాయి. నంద్యాల ప్రాంతం నుంచి సైన్యంలోకి వెళ్లి, మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్న కొంగనపల్లె నారాయణ పుణెలో తెడ్డు పట్టడం నేర్చారు. తోటి క్రీడాకారిణి అనితతో జంటగా చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో రజతం గెలిచి, పారిస్ పారాలింపిక్స్‌లో ఎనిమిదో స్థానంలో నిలిచారు. సీమ బిడ్డ పడవ పందెంలో పతకం తెస్తే, ధవళేశ్వరం ఆనకట్ట కింద నూట డెబ్బై ఏళ్లుగా కాలువల గట్ల మీద బతుకుతున్న మనం సంతోషించి ఊరుకుంటే సరిపోదు. సన్నని పడవను తెడ్డుతో నడిపే మరో దివ్యాంగుల ఆట, పారా కెనోయింగ్, పోటీ దూరం 200 మీటర్లే. అంతమేర వంపు లేకుండా సాగే కాలువలు మనకు కావలసినన్ని ఉన్నాయి. ఎయిర్ రైఫిల్ సాధనకు 10 మీటర్ల గురి దూరమున్న హాలు చాలు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో గాయాలతో సర్వీసు ముగించిన వారి వివరాలు ఉంటాయి. క్రీడాధికారులు ఆ జాబితా తీసుకుని ఒక్కొక్కరి ఇంటికి వెళ్లాలి. వారు దరఖాస్తు పెట్టుకుని రావాలని ఎదురుచూడకూడదు, ఎందుకంటే మంచం మీద ఉన్న మనిషికి తాను ఆడగలనన్న సంగతే తెలియదు. ఇంటికెళ్లేవారి వెంట ఒక పారా క్రీడాకారుడిని తీసుకెళ్లాలి. అధికారి గంట చెప్పినా నమ్మని జవాను, తనలాగే కాలు లేని మనిషి వచ్చి పక్కన కూర్చుంటే నమ్ముతాడు. పుణెలో సైన్యం నడిపే శిక్షణ కేంద్రాల నుంచి కోచ్‌లను రప్పించడం రాష్ట్ర ప్రభుత్వం అడిగితే జరిగే పని. ఎంపీలు, ఎమ్మెల్యేలు సన్మాన సభలకు పెట్టే ఖర్చును ఈ ఏడాది రెండు పడవలకు మళ్లించాలి.

వేసవిలో కట్టేసిన డెల్టా కాలువలకు జూన్‌లో నీరు వదులుతారు. ఆనాటికి పడవా, దానిలో కూర్చునే జవానూ రేవులో సిద్ధంగా ఉండాలని కోరుతున్నాం.