టైప్ వన్-ఏ సూపర్నోవా గారికి, ఆమదాలవలస నుంచి

అయ్యా,

నక్షత్రాల పేలుళ్లలో ఒక రకమైన మిమ్మల్ని లోకమంతా ప్రామాణిక దీపం అంటోంది. మీరెక్కడ పేలినా అసలు వెలుగు ఒక్కటేనట, కంటికి ఎంత మసగ్గా కనిపిస్తున్నారో చూసి గెలాక్సీ ఎంత దూరాన ఉందో చెప్పేయొచ్చట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు మా ఊరి షావుకారి కుంచం గుర్తొస్తుంది. అదీ ప్రామాణికమే. ఆయనే చెప్పేవాడు.

ఆ ఇంట్లో కుంచాలు రెండు. ఇచ్చే కుంచం అడుగున వేలెడు మందాన లక్క. గింజలు పోశాక పైన చేత్తో చదును చేసేవాడు. పుచ్చుకునే కుంచానికి లక్కా లేదు, చదునూ లేదు. గింజలు జారి కింద పడేదాకా గుట్టగా పోయాల్సిందే.

ఇక మీ సంగతి. శ్వేతకుబ్జం, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం, పక్క నక్షత్రం సరుకు లాక్కుని, సూర్యుడికి సుమారు 1.4 రెట్ల బరువుకు చేరేసరికి పేలుతుందని, ఆ హద్దు లెక్కగట్టింది మన చంద్రశేఖర్ గారని చదువుకున్నాం. బరువు ఒకటే గనక వెలుగూ ఒకటే. వినడానికి బాగానే ఉంది. తీరా చూస్తే మీలో కొందరు హద్దుకు రాకుండానే పేలుతున్నారట, కొందరు ఇద్దరేసి గుద్దుకుని పేలుతున్నారట. 2003లో దొరికినాయన బరువు ఏకంగా రెండు సూర్యుళ్లంత ఉంటుందని లెక్క తేలింది. మా అరసవల్లి సూర్యనారాయణమూర్తి నయం. ఒంటరివాడు, పక్కింటి సరుకు ముట్టడు, మీలా పేలడు కూడా.

దీనికి తోడు దుమ్ము. దారిలో అడ్డొస్తే మీరు మసకబారతారు, ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తారు. రంగు ఎర్రబడుతుంది కాబట్టి దొరికిపోతున్నారు.

అయినా మిమ్మల్ని పూర్తిగా తీసిపారేయలేను. కారణం మా మామ్మ. బాకీకి తెచ్చిన ధాన్యాన్ని ఇంటికి రాగానే తన కుంచంతో మళ్లీ కొలిచేది. కుంచానికి తవ్వ తక్కువ. వంటింటి గోడ మీద బొగ్గుతో గీత. మళ్లీ ఏడూ అదే తవ్వ. "దొంగ కుంచమైనా పర్నేదురా, ఎప్పుడూ ఒకేలాగ దొంగిలిస్తే చాలు" అనేది.

1993లో ఖగోళ శాస్త్రవేత్త మార్క్ ఫిలిప్స్ మీ మీద గీసింది ఆ బొగ్గు గీతే. మీలో ఎక్కువ వెలిగినవాళ్లు నిదానంగా ఆరతారు, తక్కువ వెలిగినవాళ్లు గబగబా ఆరతారు. బాగా వెలిగిన రోజు నుంచి 15 రోజుల్లో ఎంత మసకబారారో చూస్తే ఎంత తవ్వ కలపాలో, ఎంత తీసెయ్యాలో తెలిసిపోతుంది. ఇంత దిద్దినా ఒక్కో పేలుడు చెప్పే దూరంలో ఆరేడు శాతం అటూఇటూ ఉంటుంది. కుంచానికి పదహారు సోలలు. అంటే ఇంకా ఓ సోల తేడా అన్నమాట. ఆ కుంచంతోనే 1998లో రెండు బృందాలు విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని పట్టేశాయి, 2011లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. మామ్మకి కనీసం గోడకి సున్నం కూడా వెయ్యలేదు మేము.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెప్తాను. మీ కుంచాన్ని, క్రమం తప్పకుండా వెలుగు పెరిగి తగ్గే సెఫీడ్ నక్షత్రాల కుంచంతో సరిచూస్తారు, వాటిని ఇంకో కుంచంతో. అలా కొలిస్తే, ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికీ విస్తరణ వేగం సెకనుకు 73 కిలోమీటర్లు చొప్పున పెరుగుతోందని వస్తోంది. విశ్వం పసితనంలో వెలువడిన కాంతితో లెక్కేస్తే 67. ఇచ్చేది ఒకటి, పుచ్చుకునేది ఒకటి! శాస్త్రవేత్తలకు ఒకటే టెన్షన్. ఇందులో మీ లక్క ఎంత?

మన పాలపుంతలో మీవాళ్లు పేలుతుంటే 1572లో టైకో, 1604లో కెప్లర్ చూశారు. పాపం, ఇద్దరూ ఉత్త కళ్లతోనే చూశారు. ఇప్పుడు మా దగ్గర టెలిస్కోపులున్నాయి. ఈసారి కాస్త ఇంటి దగ్గర్లో పేలండి. కుంచం తిరగేసి అడుగు చూస్తాం.

ఇట్లు,
బొగ్గు గీతల మామ్మ మనవడు