రోజూ తిరిగే కారుకి ఎయిర్ సస్పెన్షనా, కాయిలోవర్లా? ఈ ఉప్పుగాలిలో నా ఓటు

"ఎయిర్ వేయిస్తే తేలుతూ పోతుంది, కాయిలోవర్ వేయిస్తే నడుం విరుగుతుంది." వైజాగ్‌లో ఎవర్ని అడిగినా ఇదే పాట. ఎయిర్ అంటే ఇనుప స్ప్రింగు బదులు గాలి నింపిన రబ్బరు సంచుల (బెలోస్) మీద కారు నిలబడటం. కాయిలోవర్ అంటే షాక్ చుట్టూ స్ప్రింగు ఉండి, మర తిప్పి ఎత్తు మార్చుకునేది. ఈ మాట నమ్మి లక్షలు పోసేవాళ్లని చూస్తే జాలేస్తుంది గురూ. మెత్తదనం గాలిలోనూ లేదు, ఇనుములోనూ లేదు. స్ప్రింగు ఎంత గట్టిది, షాక్‌లో డ్యాంపింగ్ (ఊపుని ఆపే పట్టు) ఎంత, చక్రం పైకి లేవడానికి ఎంత చోటు మిగిలింది, అంతా ఈ మూడింటి మీదే ఉంది.

లెక్క చూడండి. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ముందు ఒక్కో స్ప్రింగు మోసేది ఉజ్జాయింపుగా 300 కిలోలు. ఆ స్ప్రింగు ఒక మిల్లీమీటరు కుంగడానికి 2.2 కిలోలు పడితే, బాడీ సెకనుకి సుమారు 1.35 సార్లు ఊగుతుంది. మామూలు కార్లు దాదాపు 1 నుంచి 1.5 మధ్యే ఉంటాయి. అదే చోట మిల్లీమీటరుకి 6 కిలోలు పట్టే స్ప్రింగు పెడితే ఆ ఊపు సెకనుకి 2.2 సార్లు దాటుతుంది. ట్రాక్ మీద బాగుంటుంది గానీ, లారీలు దున్నేసిన పోర్టు రోడ్డు మీద రోజూ గాజువాక వెళ్లొచ్చేవాడికి అది శిక్షే. డబ్బాలో వచ్చిన 6, 7 కిలోల స్ప్రింగులే బిగించేసి, తర్వాత "కాయిలోవర్లంటే ఇంతే" అని తిట్టుకుంటారు. ఆర్డరిచ్చేటప్పుడే మూడున్నర, నాలుగు కిలోలవి దొరుకుతాయా, వాటికి షాక్ వాల్వింగ్ (లోపలి డ్యాంపింగ్ అమరిక) సరిపోతుందా అని అడగండి. నాలుగు కిలోలతో ఊపు 1.8 దగ్గర ఆగుతుంది. కాస్త గట్టిగా ఉంటుంది గానీ పళ్లు రాలవు.

ఎయిర్‌లో బెలోస్‌కి ఒత్తిడి పెంచి కారు లేపితే, దాంతోపాటే గట్టిదనమూ పెరుగుతుంది. బాగా దించి నడిపితే స్ట్రోక్ (చక్రం పైకి లేచే చోటు) మిగలదు, ప్రతి గోతికీ బంప్ స్టాప్ (చివర్న ఆపే రబ్బరు దిమ్మ) మీద ధన్‌మని పడుతుంది. సరిగ్గా నడిచే ఎత్తు ఒక్కటే. అలైన్‌మెంట్ కూడా ఆ ఎత్తులోనే చేయించాలి, ఇంకో ఎత్తులో రోజూ తిప్పితే టైరు లోపలి అంచు అరిగిపోతుంది. మిగతా ఎత్తులన్నీ పార్కింగుకీ, బీచ్ రోడ్డులో ఫొటోలకీ.

"మరి వోల్వో బస్సులకి ఉన్నది గాలే కదా?" అంటారు. గాలే. కానీ అక్కడ కంప్రెసర్ ఇంజినుతో నడుస్తుంది, దాని వెనకే తేమ పీల్చే డ్రయర్ ఉంటుంది. కారు కిట్లలో ఎక్కువగా వచ్చేది 12 వోల్టుల కంప్రెసరు, ఒక వాటర్ ట్రాప్. ట్రాప్ నీటిచుక్కని పడుతుంది గానీ ఆవిరిని పట్టలేదు. మన గాలి సంగతి తెలిసిందే, ఉతికి ఆరేసిన జీన్సు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. గాలి దాచుకునే 19 లీటర్ల ట్యాంకుని 150 పీఎస్ఐకి నింపితే బయటి గాలి దాదాపు 195 లీటర్లు లోపలికి పోతుంది. అంటే దాదాపు 5 గ్రాముల నీరు. ట్యాంకు చల్లారేసరికి అందులో నాలుగు గ్రాములకు పైనే అడుగున చేరుతుంది. ఖాళీ ట్యాంకు ఒక్కసారి నింపితే దాదాపు ఒక టీస్పూను! రోజుకి ఎన్నిసార్లు లేపి దించుతారో దాన్నిబట్టి వారానికి ఎంతో మీరే వేసుకోండి.

ఆ నీటితో ఇనుప ట్యాంకు లోపల్నుంచి తుప్పు పడుతుంది. తుప్పు రజను, కరెంటుతో తెరిచి మూసే సోలనాయిడ్ వాల్వు సీటులో ఇరుక్కుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. పొద్దున్న వచ్చి చూస్తే కారు ఒక మూలకి కూలబడి ఉంటుంది. వెంటనే బెలోస్ చిరిగిందని కొత్తది కొంటారు. ముందు సబ్బునీళ్లు చల్లి చూడండి బాబూ. ఎక్కువగా లీకయ్యేది ట్యూబు గుచ్చే ఫిట్టింగు దగ్గర, అదీ ట్యూబుని కటింగ్ ప్లేయరుతో వంకరగా కోసినందువల్ల. ట్యూబు కటర్‌తో నిటారుగా కోసి, అడుగు తగిలేదాకా నొక్కితే సగం లీకులు పుట్టవు.

కాయిలోవర్లకి ఈ ఊరు దయ చూపిస్తుందని కాదు. రుషికొండ, భీమిలి దారిలో ఉండేవాళ్లకి ఒకటి రెండు వానాకాలాలు దాటేసరికి లాక్ రింగూ, కింది బ్రాకెట్ (షాక్‌ని చక్రం వైపు పట్టే ముక్క) మరా పట్టేస్తాయి. అప్పుడు సీ స్పానర్ వంగుతుంది గానీ రింగు కదలదు. బిగించే రోజే మరలన్నిటికీ అవి పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ పూసి, బయట కనిపించే మర మీద గ్రీజు పట్టించి టేపు చుట్టండి. పదిహేను రోజులకోసారి ఫెండర్ లోపల మంచినీళ్లతో కడిగించండి. టాప్ మౌంట్ (షాక్‌ని పైన బాడీకి పట్టే దిమ్మ) రబ్బరుదే తీసుకోండి. రబ్బరు బదులు ఇనుప గోళీ కీలు ఉండే పిల్లో బాల్ స్టీరింగుకి పదును ఇస్తుంది నిజమే, కానీ ఈ దుమ్మూ తేమా తిని త్వరలోనే టకటకమంటుంది.

బిగింపులో ఎక్కువమంది వదిలేసే పని ఇంకోటుంది. లోయర్ ఆర్మ్, వెనక బీమ్ బుష్ (చక్రాల్ని బాడీకి పట్టే భాగాల రబ్బరు కీళ్లు) బోల్టులు కారు జాకీ మీద ఉండగా టైటు చేయకూడదు. చక్రాల మీద బరువు పడ్డాకే చేయాలి. లేకపోతే రబ్బరు మెలిపడిపోయి ఉంటుంది, కొన్నాళ్లకి చిరుగుతుంది. తప్పేమో కాయిలోవర్ మీదకి తోస్తారు. ఎత్తు తగ్గించడానికి స్ప్రింగు సీటు తిప్పకండి, కింది బ్రాకెట్ తిప్పండి. సీటు దించితే చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై చోటు తప్పుతుంది. డ్యాంపింగ్ క్లిక్కులు పూర్తి గట్టి నుంచి వెనక్కి లెక్కపెట్టి, రెండు పక్కలా ఒకటే ఉంచండి. కారు పక్కకి వాలకుండా ఆపే బార్‌ని పట్టే లింక్ రాడ్లు పొట్టివి వేయించండి. 300 నుంచి 500 కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నాక అలైన్‌మెంట్.

స్పీడ్ బ్రేకర్ల భయంతో ఎయిర్ వైపు పోయేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం వేసిన హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం. 2.45 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న కారుకి దాని మీద నడిమధ్య అడుగున కావాల్సిన ఎత్తు 45 మిల్లీమీటర్ల లోపే. కాలనీల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసే కోసుగట్లే కొంప ముంచుతాయి. అందుకే కొనే ముందు 30 మిల్లీమీటర్లు కిందికి వేలాడే అట్టముక్కల్ని బంపర్ కిందా, కారు అడుగున అన్నిటికంటే కిందున్న చోటా టేపుతో అంటించి వారం తిరగండి. ఇంట్లోవాళ్లందర్నీ ఎక్కించుకుని సెల్లార్ ర్యాంపు ఎక్కండి, సింహాచలం ఘాట్ కూడా ఎక్కించండి. అట్ట నలగకపోతే 30 మిల్లీమీటర్లు దించిన కాయిలోవర్ చాలు. ధర కూడా ఎయిర్ కిట్‌లో మూడో వంతో, సగమో. అట్ట నలిగితే 15 మిల్లీమీటర్లే దించండి, లేదా కొత్త షాకులు వేసుకుని ఊరుకోండి. 15 దించినా ర్యాంపు ఎక్కని సెల్లారు, అయినా దించి తీరాలన్న పట్టుదల, రెండూ ఉన్నవాడికే ఎయిర్.

చట్టం గురించి ఒక్క ముక్క. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పుల్ని ఒప్పుకోదు. 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి. ఎయిర్ అయినా కాయిలోవర్ అయినా ముందు ఆర్టీవో దగ్గరా, ఇన్సూరెన్స్ దగ్గరా కనుక్కోండి.

ఇంత చెప్పినా ఎయిరే కావాలంటారా? అల్యూమినియం ట్యాంకు తీసుకోండి. కంప్రెసర్ గాలి కారు అడుగు నుంచి కాకుండా ఏసీ గాలి తగిలే క్యాబిన్ వైపు నుంచి పీల్చేలా పెట్టించండి. ట్యాంకు అడుగున నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్ పెట్టించుకుని వారానికోసారి, వానాకాలంలో రెండు రోజులకోసారి తిప్పండి. కంప్రెసర్ 20 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి రిలే, 30 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి, ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి, బెలోస్ దించి, టైరుకీ దానికీ మధ్య వేలు దూరుతుందో లేదో చూడండి. రాసుకుంటే పది రోజుల్లో చిల్లే. డిక్కీలో ట్యాంకు కోసం స్టెప్నీ తీసేయకండి, అరకు ఘాట్‌లో పంక్చరైతే ట్యాంకు ఎక్కి కూర్చోలేరు. లైనుకి టైరు వాల్వు ఒకటి తగిలించి పెట్టుకుంటే, కంప్రెసర్ చచ్చిపోయినా పంక్చర్ షాపులో గాలి కొట్టించుకుని ఇంటికి రావచ్చు.