మూలకణాలన్నీ పిండాల నుంచే రావు
మూలకణాల (అంటే వేరే రకాల కణాలుగా మారగల కణాల) గురించి మీరు రాసిన వ్యాసంలో, ల్యాబ్‌లో మానవ మూలకణాలు పెంచడమంటే పిండాలను చంపడమేనని ఒక్క వాక్యంలో తేల్చేశారు, అది సగమే నిజం. 1998లో అమెరికాలో శాస్త్రవేత్త జేమ్స్ థామ్సన్ బృందం మొదటిసారి మానవ పిండ మూలకణాలను పెంచినప్పుడు ఐవీఎఫ్ (శరీరం బయట ఫలదీకరణ చేసే పద్ధతి) పిండాలనే వాడింది, దానిమీద అభ్యంతరం ఉన్నవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ 2007లోనే జపాన్‌లో శాస్త్రవేత్త షిన్యా యమనక బృందం మనిషి చర్మకణాల్లోకి నాలుగు జన్యువులు పంపి వాటిని మూలకణాలుగా మార్చేసింది, 2012లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది, ఆ ఊసే ఎత్తకపోతే ఎలా? అంతదూరం ఎందుకు, మన హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 2012లో ప్రచురించిన పద్ధతిలో పిండం ప్రసక్తే లేదు. బాగున్న కంట్లో నల్లగుడ్డు అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్నచిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటిమీద పరిచిన, ప్రసవం తర్వాత బయటికొచ్చే ఉమ్మనీటి సంచి పొరపై జిగురుతో అంటిస్తారు, ఆ ముక్కల్లోని మూలకణాల నుంచి కొత్త కణాలు అక్కడే పెరిగి కంటిని కప్పుకుంటాయి. మా పిన్ని మనవడికి సున్నం ప్యాకెట్ చిట్లి కంట్లో పడితే వాడికీ ఇలాంటి ఆపరేషనే చేశారు. మూలకణాలు అనగానే పిండాలు చంపుతారట కదా అని మా పిన్ని సంతకానికి ఒప్పుకోలేదు, నచ్చజెప్పేసరికి మా తలప్రాణం తోకకొచ్చింది. ఆ భయం ఇలాంటి రాతల వల్లే వస్తుంది. దయచేసి పిండం కణాలా, చర్మం కణాలా, కంటి కణాలా, ఏ కణాల గురించి రాస్తున్నారో విడమరిచి రాయండి.