అడుగుకు ఎంత?

టైల్స్ మేస్త్రీ కొత్త ఇంటి గడపలో నిలబడగానే ఎవరైనా అడిగే మొదటి మాట ఒకటే: ‘‘అడుగుకు ఎంత?’’ ఆయన గదుల వైపు ఒకసారి చూపు తిప్పి ఒక అంకె చెబుతాడు. రెండు రూపాయలు అటు, రెండు రూపాయలు ఇటు లాగి బేరం ముగిస్తారు. ఈలోగా నేల వంక నిదానంగా చూసినవారు ఎవరూ ఉండరు. స్లాబు ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, గోడలు మూలమట్టానికి సరిపోతున్నాయా, బాత్రూములో నీరు ఏ వైపుకు వాలాలి? ఇవన్నీ ఇసుక, సిమెంటు కలిపాక బయటపడే సంగతులు. అప్పటికి రేటు ఖాయమైపోయి ఉంటుంది.

ఈ పనిలో వచ్చే తగాదాలకు చేతకాని పనివాళ్లే కారణమని చాలామంది నమ్మకం. నాకు మాత్రం ఆ ఒక్క అంకె మీదే అనుమానం.

లెక్క కోసం కూలి చదరపు అడుగుకు 30 రూపాయలు అనుకుందాం. మీ ఊళ్లో ఎక్కువ ఉండవచ్చు, తక్కువ ఉండవచ్చు. నేల సమంగా ఉన్న హాలులో ఒక మేస్త్రీ, ఇద్దరు సహాయకులు రోజుకు 100 అడుగులు వేస్తే 3,000 వస్తుంది. సహాయకులకు చెరి 800, కటింగ్ బ్లేడుకు, పెట్రోలుకు కలిపి 200 పోగా మేస్త్రీ చేతిలో 1,200 మిగులుతుంది. మర్నాడు పక్క గదిలోకి వెళ్తారు. అక్కడ ఒక మూల నేల రెండు అంగుళాలు దిగి ఉంది. ఇసుక, సిమెంటు కలిపిన మాలు ఎక్కువ పోయాలి, మట్టం చూసే దారం మళ్లీ మళ్లీ కట్టాలి. పొద్దుగూకే దాకా వంగినా పని 60 అడుగులు దాటదు. వచ్చింది 1,800, పోయింది 1,800. ఆ రోజు మేస్త్రీకి చేతిలో చిల్లిగవ్వ మిగలదు.

అటువంటి రోజున మనిషి తొందరపడతాడు. టైలు వెనక అంతటా సమంగా పరవాల్సిన గమ్మును నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒక ముద్ద పెట్టి అదిమేస్తాడు. లేదా గమ్ము ఊసే లేకుండా పాత పద్ధతిలో సిమెంటు పాలు పోసి సరిపెడతాడు. విట్రిఫైడ్ టైలు పీల్చుకునే నీరు అర శాతం లోపే, అందుకే వట్టి సిమెంటు దానికి సరిగా పట్టదు. పైకి అంతా అద్దంలా ఉంటుంది. రూపాయి నాణెంతో తట్టి చూడండి. కింద నిండుగా ఉంటే శబ్దం మందంగా వస్తుంది, గుల్లగా ఉంటే ఖాళీ డబ్బాలా మోగుతుంది. మంచం కోడు సరిగ్గా ఆ గుల్ల మీదకు వచ్చిన నాడు టైలు పగులుతుంది. అప్పుడు యజమాని మేస్త్రీకి ఫోను చేస్తాడు. ఆయన ఎత్తడు.

ఇలాంటివి విన్నప్పుడు, అమెరికాలో ఉన్నట్టు మన దగ్గర కూడా లైసెన్సు ఉండాలంటారు కొందరు. అమెరికా అంతటా ఒకే పద్ధతి లేదు. టెక్సాస్‌లో ఫ్లోరింగ్ పనికి రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు. డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొన్న మన వాళ్లు పనివాణ్ణి తామే వాకబు చేసుకోవాలి. కాలిఫోర్నియా దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ కార్పెట్, చెక్క, వినైల్ నేలలకు సీ-15, టైల్స్‌కు సీ-54 అని వేర్వేరు లైసెన్సులు. నాలుగేళ్ల అనుభవం చూపాలి, చట్టం మీద ఒకటి, పని మీద ఒకటి పరీక్షలు రాయాలి, 25,000 డాలర్ల బాండు, అంటే పూచీకత్తు, పెట్టాలి. లైసెన్సు అక్కర్లేని చిల్లర పనుల పరిమితి 500 డాలర్లుగా ఉండేది, 2025 నుంచి 1,000కి పెంచారు.

ఆ పరీక్షలు కంప్యూటరు ముందు కూర్చుని సరైన జవాబు ఎంచుకునేవి. ఎవరూ చేతికి తాపీ ఇచ్చి టైలు వేయమనరు. కాబట్టి ఆ లైసెన్సు పనితనానికి హామీ అనుకోవడం పొరపాటు. దాని బలమంతా డబ్బు దగ్గర ఉంది. లైసెన్సు లేకుండా పనిచేసినవాడు కోర్టుకెక్కి కూలి రాబట్టుకోలేడు; పైగా యజమాని అప్పటికే ఇచ్చినదాన్ని తిరిగి వసూలు చేసుకోవచ్చు. ఇంటి పనులకు అడ్వాన్సు సాధారణంగా ఒప్పందంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతే. సగం డబ్బు ముందే ఇచ్చి మేస్త్రీ కోసం ఎదురుచూసే మన ఇళ్లలో ఈ ఒక్క నియమం ఉన్నా ఎన్ని రక్తపోట్లు తగ్గేవో!

మన దగ్గర కరెంటు కాంట్రాక్టరుకు లైసెన్సు ఉంది, నేల వేసేవారికి లేదు. సంక్షేమ బోర్డులో భవన నిర్మాణ కార్మికుడిగా నమోదుకు ఏడాదిలో 90 రోజుల పని చూపాలి. అది సాయం అందడానికే గాని పనితనాన్ని తేల్చదు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో తాపీ మేస్త్రీ ఉన్నాడు. కొద్ది రోజుల శిక్షణ, రోజుకు 500 భృతి, పనిముట్లకు 15,000, గుర్తింపు కార్డు. మంచిదే. కానీ ఆ కార్డు చూపించమని అడిగిన ఇంటి యజమాని నాకింతవరకు తారసపడలేదు.

కాలిఫోర్నియా తరహా పరీక్షను ఇక్కడ పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. చదువుకున్న మధ్యవర్తి పరీక్ష రాసి లైసెన్సు తన పేర తెచ్చుకుంటాడు, ముప్పై ఏళ్లుగా దారం కట్టిన చేయి అతని కింద కూలికి వెళ్తుంది. నేనైతే ముందు రేటునే విడగొట్టమంటాను. మట్టం చేయడానికి ఒక రేటు, టైలు పరవడానికి ఒకటి, గోడ అడుగున వేసే స్కర్టింగ్ పట్టీకి రన్నింగ్ అడుగు (పొడవు) లెక్కన వేరే, మెట్లకు వేరే, బాత్రూము వాలుకు వేరే. వృథా కింద ఎంత పోతుందో కూడా కాగితం మీద పెట్టాలి. ‘రెండు బై నాలుగు’ అని అమ్మే టైలు నిజానికి 600, 1,200 మిల్లీమీటర్లు, అంటే 7.75 చదరపు అడుగులు, 8 కాదు. పన్నెండు బై పదకొండు గదికి ఎనిమిదితో భాగించి 17 టైళ్లు తెచ్చుకుంటే చివరి వరసలో పని ఆగిపోతుంది. కోతలు, విరిగేవి కలుపుకుని 19 కావాలి.

ఇలా పనిచేసే మేస్త్రీని ఒకరిని మా వీధిలోనే చూశాను. రేటు చెప్పే ముందు నీళ్ల గొట్టంతో మట్టం పట్టి, గోడల చుట్టూ మీటరు ఎత్తున గీత కొట్టాడు. ఆ గీత నుంచి నేల దాకా ఐదు చోట్ల టేపు పెట్టి, కొలత వచ్చిన చోటే గోడ మీద పెన్సిలుతో రాశాడు. గుమ్మం దగ్గర 100, కిటికీ కింద 101, దూరపు మూల 104. ‘‘ఈ నాలుగు సెంటీమీటర్లకు వేరే డబ్బులండీ’’ అన్నాడు. యజమాని నవ్వి, అంతా కలిపి అడుగుకు నాలుగు రూపాయలు తక్కువ చెప్పిన ఇంకొకరికి పని ఇచ్చాడు. తర్వాత రంగుల వాళ్లు వచ్చి ఆ అంకెల మీద పుట్టీ పూసేశారు.