కాటా చూసి బేర్ అనేస్తే ఎలా?

వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాలోనూ ఒక చార్టు తెగ తిరుగుతోంది. గే పురుషుల్లో లావుంటే బేర్, సన్నగా ఉంటే ఆటర్, ముప్పై లోపైతే కబ్, జుట్టు నెరిస్తే డాడీ అని తేల్చేసింది. ఎలుగు, నీటికుక్క, ఎలుగుపిల్ల, నాన్న అనే అర్థాలున్న ఈ మాటలు గే పురుషులు ఒకరినొకరు పిలుచుకునే పేర్లు. పడకలో ఎవరు ఏ పాత్రో కూడా రాసిపెట్టారు. ఒక్కో మాటా చూద్దాం.

“లావుగా ఉన్న గే అంటే బేర్.”

కాదు. ఒళ్లే ప్రధానమైనవాళ్లను చబ్ అంటారు. వాళ్ల క్లబ్బు గర్త్ అండ్ మర్త్ శాన్‌ఫ్రాన్సిస్కోలో 1976లోనే మొదలైంది. బేర్ మ్యాగజైన్ అదే ఊళ్లో 1987లో వచ్చింది. బేర్ అన్నప్పుడు ముందు చూసేది గడ్డం, ఒంటి మీది రోమాలు. నున్నగా గీయించుకున్న కుర్ర ఒళ్లే అందమనే మోజు మాకొద్దన్నవాళ్ల వాటం అది. పొట్ట ఉన్నా ఫరవాలేదన్నారు గానీ ఉండి తీరాలనలేదు. కండలు తిరిగితే మజిల్ బేర్. నున్నటి ఒంటితో 120 కిలోలుంటే చబ్. ఆ బరువుకే గడ్డమూ ఛాతీ నిండా రోమాలూ ఉంటే చబ్బీ బేర్.

ఇందుకు పాత సాక్ష్యం 1989 నాటి బేర్ కోడ్, అంటే బేర్ ఎలా ఉంటాడో అక్షరాలతో, అంకెలతో చెప్పే పద్ధతి. బాబ్ డోనహ్యూ, జెఫ్ స్టోనర్ దాన్ని సగం సరదాగా, ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్రాలను వర్గీకరించే ఫక్కీలో తయారుచేశారు. అందులో గడ్డానికి ‘బి’: సున్నా అంటే దాదాపు లేనట్టే, తొమ్మిది అంటే బొడ్డు దాకా. రోమాలకు ‘ఎఫ్’, బరువుకు ‘డబ్ల్యు’, ఎత్తుకు ‘టి’. వాటి పక్కన ప్లస్సులు, మైనస్సులు. ‘బి5 ఎఫ్ ప్లస్ డబ్ల్యు మైనస్’ అంటే నిండు గడ్డం, సగటు కంటే ఎక్కువ రోమాలు, సన్నటి శరీరం. అతనూ ఆ కోడ్ ప్రకారం బేరే! బరువుకు విడిగా ఓ అక్షరం పెట్టారంటేనే, బేర్ కావడానికి అదొక్కటే కొలత కాదని.

పైగా ఇలాంటి చార్టుల్లో ఇన్ని కిలోలు దాటితే బేర్ అని గీసే గీత తరచూ అమెరికా పౌండ్ల నుంచి దిగుతుంది. 200 పౌండ్లంటే సుమారు 91 కిలోలు. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి ఆ బరువుంటే బొద్దుగా కనిపిస్తాడు, ఆరడుగుల రెండంగుళాలవాడు మామూలుగానే ఉంటాడు. ఎత్తు అడగని గీతతో ఏం తేలుతుంది?

“కబ్ అంటే కుర్రాడు, డాడీ అంటే ముసలాయన.”

కబ్ అని తరచూ చిన్నవాళ్లనే అంటారు, నిజమే. కానీ చిన్న ఆకారం, చలాకీతనం, పెద్ద బేర్‌తో జత కట్టే తీరు కూడా ఆ పిలుపు తెస్తాయి. నలభై అయిదేళ్ల కబ్‌లు ఉన్నారు. పై కోడ్‌లో ‘సి’, ‘డి’ రెండూ ఒకే మనిషికి పెట్టుకోవచ్చు: ‘డీసీ’ అంటే కబ్ లక్షణాలున్న డాడీ, ‘సీడీ’ అంటే డాడీ పోకడలున్న కబ్. నెరిసిన గడ్డానికి వేరే పేరుంది, పోలార్ బేర్.

“బేర్ టాప్, కబ్ బాటమ్.”

సెక్స్‌లో ఎవరు చొప్పిస్తారు (టాప్), ఎవరు స్వీకరిస్తారు (బాటమ్) అన్న సంగతి ఈ పేర్లు చెప్పవు. అడిగి తెలుసుకోవాల్సిందే.

“ఆటర్, వుల్ఫ్, చేజర్ కూడా బేర్ రకాలే.”

ఆటర్ అంటే రోమాలున్న సన్నటి మనిషి. వుల్ఫ్ కూడా బక్కపలచనే, కాకపోతే కండ, దూకుడు కాస్త ఎక్కువ. ఈ రెంటి మధ్య గట్టి గీత గీయడం వృథా ప్రయాస. చేజర్ మాత్రం ఒంటి రకమే కాదు. బేర్‌లనో చబ్‌లనో ఇష్టపడేవాడు చేజర్, వాడు ఎలా ఉన్నా సరే. పాండా అనేది తూర్పు ఆసియా మూలాలున్నవారికి తగిలించిన మాట. కొందరు ఇష్టంగా పెట్టుకుంటారు, కొందరికి జాతిని బట్టి వేసిన ముద్రలా తోస్తుంది. అవతలివాళ్లు వాడాకే మనం వాడటం మర్యాద.

“బేర్‌ల జెండాలో ఒక్కో రంగు ఒక్కో రకం బేర్‌కి.”

క్రెయిగ్ బైర్న్స్ 1995లో రూపొందించిన ఆ జెండాలో ముదురు గోధుమ నుంచి నలుపు దాకా ఏడు పట్టీలు, మూలన పంజా ముద్ర ఉంటాయి. ఆ రంగులు లోకంలోని ఎలుగుల బొచ్చుకు గుర్తు. కబ్‌కి ఒకటి, డాడీకి ఒకటి అన్న పంపకం లేదు.

ఇక ప్రొఫైల్ రాసేవారికి: గే డేటింగ్ యాప్ గ్రైండర్‌లో శరీరాకృతికి ఒక గడి, ట్రైబ్‌కు (మీరే గుంపువారో చెప్పడానికి) మరో గడి ఉన్నాయి. హైదరాబాద్‌లో తెరిచినా చికాగోలో తెరిచినా అంతే. లావును మొదటి దాంట్లో, బేర్‌ను రెండో దాంట్లో పెట్టండి. నున్నటి ఒళ్లుండి ఉత్త ‘బేర్’ అని వదిలేస్తే రోమాలు కోరేవాళ్లు వచ్చి, ఫొటో చూసి జారుకుంటారు. ‘చబ్, గడ్డం ఉంది, ఒంటి మీద రోమాల్లేవు’ అని రాస్తే ఆ గొడవ ఉండదు.