రసీదు లేని వలస

పదో తరగతి పాసైతే ఒక రకం పాస్‌పోర్టు, తప్పితే మరో రకం. గల్ఫ్ బాట పట్టే కూలీలను 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఇప్పటికీ ఈ గీత గీసే విడదీస్తోంది. పది పాసుకానివారిది ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వలస తనిఖీ తప్పనిసరి) పాస్‌పోర్టు. గల్ఫ్ దేశాలు ఆరూ, మలేసియా, ఇరాక్, జోర్డాన్ వంటివి కలిపి మొత్తం 18 దేశాలకు ఉద్యోగ వీసాపై వెళ్లాలంటే వారు వలస కార్మికుల రక్షణకు కేంద్రం నియమించిన అధికారి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. పది పాసైనవాడు అదే తాపీ పట్టుకుని అదే కంపెనీకి వెళ్లినా అతని ఒప్పందాన్ని చూసే నాథుడు లేడు. చదువుకున్నవాడు మోసపోడని నలభై ఏళ్ల కిందట వేసిన లెక్క ఎంత తప్పో జగిత్యాలలోనో రాయచోటిలోనో ఏ గల్ఫ్ కుటుంబాన్ని అడిగినా చెబుతుంది.

కాగితం మీద దారి చక్కగానే ఉంది. విదేశీ యజమాని కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై, ఎంతమంది కావాలో, జీతమెంతో చూపాలి. రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెన్సీ కార్మికుణ్ని ఎంపిక చేసి వీసా, ఒప్పంద పత్రం, బీమా పాలసీ జతచేసి అనుమతి కోరాలి. ఏజెన్సీ సేవా రుసుము రూ.30,000, దానిపై 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపి రూ.35,400 దాటకూడదు. తీరా ఊళ్లో జరిగేది వేరు. ఏజెన్సీకీ కార్మికుడికీ మధ్య చట్టం గుర్తించని సబ్ ఏజెంటు ఉంటాడు. వసూలు చేసేది అతనే, లక్షకు పైగా అడిగేదీ అతనే. ప్రామిసరీ నోటు రాసి తెచ్చిన అప్పు నగదుగా చేతులు మారుతుంది, రసీదు ఉండదు. మోసం బయటపడ్డాక ఏజెన్సీ ‘అతనెవరో మాకు తెలియదు’ అంటుంది. కేసు అక్కడే వీగిపోతుంది.

అంతకన్నా పెద్ద కన్నం విజిట్ వీసా. ఈసీఆర్ తనిఖీ ఉద్యోగ వీసాకే కనుక, ‘అక్కడికెళ్లాక మార్పిస్తాం’ అంటూ సందర్శక వీసా చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తారు. మార్చకపోతే గడువు ముగిసిన మర్నాటి నుంచే అతను ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని అక్రమ నివాసి. అఖామా (నివాస అనుమతి కార్డు) లేదు, జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదుకు ధైర్యం చాలదు, జరిమానా లేకుండా తిరిగి వెళ్లనిచ్చే క్షమాభిక్ష ఎప్పుడు ప్రకటిస్తారా అని ఎదురుచూడటమే మిగులుతుంది. యూఏఈ 2024లో ప్రకటించిన క్షమాభిక్షను ఆ ఏడాది డిసెంబరు ఆఖరు దాకా పొడిగించాల్సి వచ్చింది. ‘ఆజాద్ వీసా’దీ ఇదే బాపతు. కఫీల్ (వీసా ఇప్పించే యజమాని) పేరు ఒకరిది, పనిచేసేది మరొకరి దగ్గర. ఏ దేశ చట్టంలోనూ అలాంటి వీసా లేదు. అయినా ధర మాత్రం ఉంది!

ఆంక్ష బిగిస్తే దొంగదారి వెడల్పవుతుందనడానికి మహిళల విషయమే సాక్ష్యం. ముప్పై ఏళ్లు నిండని ఈసీఆర్ మహిళలకు ఇంటిపనికి అనుమతి ఇవ్వరు. ప్రైవేటు ఏజెన్సీలు వారిని పంపకూడదని 2016లో కట్టడి చేశారు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ప్రయాణాలు ఆగలేదు, రికార్డుల్లోంచి మాయమయ్యాయంతే.

మరి శిక్ష? చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం గరిష్ఠంగా రెండేళ్ల జైలు, రూ.2,000 జరిమానా. ఒక్క కార్మికుడి దగ్గర గుంజినదానిలో ఇది చిల్లర. పైగా బాధితుడో అతని దగ్గరి బంధువో ఫిర్యాదు చేస్తే తప్ప, ప్రాసిక్యూషన్‌కు కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. ఆ కేంద్రమే 2020 సెప్టెంబరులో, కొవిడ్ మధ్యలో, గల్ఫ్ కార్మికుల కనీస రెఫరల్ వేతనాలను (ఇంతకు తగ్గకూడదని తానే నిర్ణయించే జీతాలను) 30 నుంచి 50 శాతం దాకా తగ్గించి, గగ్గోలు రేగాక 2021 జులైలో మళ్లీ యథాతథం చేసింది.

పాత చట్టం స్థానంలో కొత్తది తెస్తామంటూ 2019లో, 2021లో, తిరిగి 2025 అక్టోబరులో ముసాయిదాలు వెలువడ్డాయి. పేర్లు మారుతున్నాయి. మారాల్సింది డబ్బు నడిచే తీరు. రుసుమంతా ఈ-మైగ్రేట్‌కు ముడిపడిన బ్యాంకు ఖాతాకే చెల్లించాలి, నగదు తీసుకోవడమే నేరం కావాలి. సబ్ ఏజెంటును ఏజెన్సీ తన పేరుతో నమోదు చేయించాలి, అతని తప్పుకు అదే జవాబు చెప్పాలి. చదువుతో నిమిత్తం లేకుండా కూలి పనికి వెళ్లే ప్రతి ఒక్కరి ఒప్పందమూ తెలుగులో వారి చేతికి అందాలి. అక్కడ దిగాక తక్కువ జీతానికి సంతకం చేయించుకునే రెండో కాగితం చెల్లదని ద్వైపాక్షిక ఒప్పందాల్లో రాయించుకోవాలి. వీటిలో మొదటిదానికే ప్రతిఘటన ఎక్కువ వస్తుంది, ఎందుకంటే కొల్లగొట్టేది అక్కడే.

బీమా సంగతి ఇంతకన్నా తేలిక. ప్రవాసీ భారతీయ బీమా యోజనకు రెండేళ్ల ప్రీమియం రూ.275, మూడేళ్లకు రూ.375. ప్రమాదంలో చనిపోతే రూ.10 లక్షలు. నిద్రలో గుండె ఆగినవాడి కుటుంబానికి ఆ సొమ్ము రాదు. విజిట్ వీసాపై వెళ్లినవాడికి అసలు పాలసీయే ఉండదు. ప్రీమియం కాస్త పెంచి సహజ మరణాన్నీ చేర్చడానికి కొత్త చట్టం దాకా ఆగనక్కర్లేదు. 2017లో ఈ పథకాన్ని సవరించిన విదేశాంగ శాఖ ఇప్పుడూ ఆ పని చేయవచ్చు.